వల్కన్ బాంబర్‌కు మన వాయుసేన రంగులు: 1/72 ఊహా మోడల్ కట్టే పద్ధతి

"కిట్ బాగానే కట్టిన, మూడు రంగుల గుర్తు కూడా అంటించిన. అయినా బ్రిటిష్ విమానానికి మన స్టిక్కర్ వేసినట్టే ఉందేంది?" నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు మోడళ్లు కట్టే పిల్లలు ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. చాలాసార్లు లోపం చేతిపనిలో ఉండదు. ఊహా విమానంలో అబద్ధం ఒక్కటే ఉండాలి: "మన వాయుసేన దీన్ని కొన్నది" అన్నది. ఆ తర్వాత రంగు, నంబరు, మరక, చక్రాల మీద దుమ్ము అన్నీ ఆ ఒక్క అబద్ధానికి లెక్క చెప్పాలి. లెక్క తప్పిన చోట స్టిక్కర్ బయటపడుతుంది.

ఉదాహరణకు బ్రిటన్ జెట్ బాంబర్ ఆవ్రో వల్కన్‌లో బి.2 రకం తీసుకుంటున్నా. 1/72లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, రెక్కల కొస నుంచి కొసకు 47 సెం.మీ., పొడవు 42 సెం.మీ. పైనే. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ 2021లో దీన్ని కొత్త అచ్చుతో, అతికించుకునే ప్లాస్టిక్ ముక్కల కిట్‌గా తెచ్చింది. ఇంట్లో అంత జాగా లేకపోతే 1/144 తీసుకోండి. పద్ధతి ఇదే, కొలతలు సగం.

1. కత్తి పట్టే ముందు ఒక పేజీ కథ

డబ్బా తెరవకముందే ఒక కాగితం మీద ఐదు ప్రశ్నలకు జవాబు రాయండి. ఏ సంవత్సరం? విమానం కొత్తదా, వాడినదా? ఏ స్క్వాడ్రన్ (వాయుసేన దళం)? ఏ స్థావరం? ఏం పని?

ఇది కాలక్షేపం కాదు. కిట్‌లో ఏ భాగం వాడాలో, ఏది డబ్బాలోనే వదిలేయాలో ఈ కాగితమే చెప్తుంది.

సంవత్సరం: బి.2 రకం బ్రిటన్ సేవలో చేరింది 1960లో. కాబట్టి 1958 అని రాస్తే మొదటి గీతే తప్పు. ముక్కు కొసన ఉండే చిన్న బుడిపె రాడార్ 1960ల రెండో సగంలో వచ్చింది. తోక ఫిన్ (నిలువు రెక్క) కొసన చతురస్రపు టోపీ 1970లలో వచ్చింది. మీ కథ 1966లో ఆగిపోతే ఫిన్ కొస గుండ్రంగానే ఉండాలి.

తెలుపు: మొదట్లో వల్కన్లు నిలువెల్లా తెల్లగా ఉండేవి. అణుబాంబు పేలినప్పటి వెలుగును, వేడిని తిప్పికొట్టడానికి వేసిన రంగు అది. మన మొదటి అణు పరీక్ష 1974 మే 18న జరిగింది. 1960ల భారత వల్కన్‌కు తల నుంచి తోక దాకా తెలుపు వేస్తే చూడ్డానికి అందంగానే ఉంటుంది, అర్థం మాత్రం ఉండదు. అదే కారణంతో బ్లూ స్టీల్ అణు క్షిపణిని కూడా డబ్బాలోనే ఉంచండి. 1,000 పౌండ్ల బాంబులు 21 పట్టే విమానం ఇది, వాటిని వాడండి.

స్క్వాడ్రన్: మన అసలు జెట్ బాంబర్ కాన్‌బెర్రా. 1957 నుంచి 2007 మే దాకా ఎగిరింది. 5, 16, 35, 106 స్క్వాడ్రన్లు దాన్ని నడిపాయి. వీటిలో 5వ స్క్వాడ్రన్‌ది ఏనుగు గుర్తు. అంతకుముందు వాళ్లు లిబరేటర్ బాంబర్లు నడిపారు. లిబరేటర్, కాన్‌బెర్రా, వల్కన్ అనే వరుస నమ్మేలా ఉంటుంది. యుద్ధవిమానాలు నడిపే స్క్వాడ్రన్ నంబరును బాంబర్‌కు తగిలిస్తే తెలిసినవాళ్లు రెండో చూపులోనే పట్టేస్తారు.

స్థావరం: కాన్‌బెర్రాలకు ఆగ్రా పేరున్న చోటు. మన వైపే పెట్టుకోవాలని మనసైతే హైదరాబాద్ చుట్టుపక్కల పెట్టుకోండి. పాలమూరులో ఎయిర్‌పోర్టు మాట ఇంకా కాగితం మీదనే ఉంది, బాంబర్ స్థావరం జర ఎక్కువైతది.

ఈ గైడులో నేను వాడే కథ ఇది: 1966లో బ్రిటన్ నుంచి వాడిన విమానాలు వచ్చాయి. 5వ స్క్వాడ్రన్, ఆగ్రా. 1971 డిసెంబర్‌లో మనం చూస్తున్నది వాటిలో ఒకటి.

ఈ నాలుగు ముక్కలతోనే బోలెడు పని తేలిపోయింది. 1964 నుంచి బ్రిటన్ వల్కన్లకు పైన ముదురు ఆకుపచ్చ, మధ్యరకం సముద్రపు బూడిద రంగు మచ్చలు వేసింది, కింద తెలుపు అలాగే ఉంచింది. వాడిన విమానం కాబట్టి అదే రంగుతో మన దగ్గరికి వచ్చింది. బ్రిటిష్ గుర్తులున్న చోట మాత్రం మనవాళ్లు కొత్త రంగు పూశారు. ఆ కొత్త రంగు పాత రంగుతో సరిగ్గా కలవదు. ఈ కలవని చతురస్రాలే మోడల్‌కు ప్రాణం.

2. సామాన్లు

హైదరాబాద్ హాబీ షాపుల నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాల్సినవి: కిట్, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, ఎయిర్‌బ్రష్ (గాలితో సన్నగా రంగు చిమ్మే పరికరం), మోడల్ రంగులు, డీకల్ పేపర్ (నీళ్లలో నాని జారే గుర్తుల కాగితం), డీకల్ మెత్తబరిచే ద్రావకం.

ఊళ్లోనే దొరికేవి:

☐ వాటర్ పేపర్ 400, 800, 1000, 2000 నంబర్లు: కార్లకు రంగులేసే షెడ్లకు సామాను అమ్మే దుకాణంలో
☐ ఐసోప్రొపైల్ ఆల్కహాల్: సెల్‌ఫోన్ రిపేర్ షాపుల వాళ్లకు ఎక్కడ దొరుకుతుందో తెలుసు
☐ బ్యాటరీ వాటర్: బ్యాటరీ దుకాణంలో
☐ గుండ్రటి తోలు పంచ్‌లు, మిల్లీమీటర్ల సైజుల్లో: హార్డ్‌వేర్ షాపులో, లేదా చెప్పులు కుట్టేవాళ్లను అడగండి
☐ ఫెవిక్విక్, ఫెవికాల్, టాల్కం పౌడర్
☐ చాక్ పేస్టల్స్: స్టేషనరీలో

కార్ల షెడ్డు నుంచి తెచ్చుకోకూడనిది ఎన్.సి. థిన్నర్. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. ఆ థిన్నర్ తగిలితే పై పొర కరిగి జిగురవుతుంది. స్ప్రే డబ్బా ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు వేసే పూత) ఏదైనా కొంటే ముందు స్ప్రూ (భాగాలు అతుక్కుని వచ్చే చట్రం) ముక్క మీద కొట్టి, ఒక రాత్రి ఆగి చూడండి.

3. వేళ, గది, నీళ్లు

వేరే ఊళ్ల వాళ్లు రాసిన గైడ్లు మనకు సరిగ్గా పనిచేయకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

మే నెలలో నల్గొండ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది. అక్రిలిక్ రంగు ఎయిర్‌బ్రష్ సూది కొసనే ఎండిపోతుంది. మోడల్‌కు చేరేది తడి రంగు కాదు, రంగు పొడి. వేసవిలో రంగు పని తెల్లారి ఐదింటికి మొదలుపెట్టి, ఎండెక్కకముందే ముగించండి. థిన్నర్ కాస్త ఎక్కువ కలపండి, రంగు నెమ్మదిగా ఆరేలా చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు వేయండి.

త్వరగా ఎండుతుందని డాబా మీద రేకుల పక్కన పెట్టకండి. వల్కన్ రెక్క పెద్దది, పల్చటిది. ఒక్క మధ్యాహ్నం చాలు వంగడానికి. అద్దాలెత్తిన కారులో వదిలినా ఇదే గతి.

వానాకాలంలో బాధ వేరు. గాల్లో తేమ ఎక్కువున్న రోజు లాకర్ క్లియర్ కోటు (రంగు లేని పై పూత) కొడితే పాలిపోయి తెల్లటి మబ్బు కమ్ముతుంది. ఆ రోజు వాటర్ పేపర్ పని పెట్టుకోండి.

మిర్యాలగూడ వాళ్లకు ఇంకో తలనొప్పి రైస్‌మిల్లుల ఊక బూడిద. కిటికీ తెరిస్తే బూడిద, మూస్తే రంగు ఆవిరి. కిటికీకి తడి చీర కట్టి, నేల మీద నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి రంగు మొదలుపెట్టండి. మూతికి కట్టుకున్న మాస్క్ తీయకండి. రంగు కొట్టగానే మోడల్ మీద ప్లాస్టిక్ టబ్ బోర్లించండి.

నీళ్ల సంగతి. మన బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది కానీ మోడల్‌కు శత్రువు నీటిలోని సున్నపు లవణాలు. డీకల్ చుట్టూ నీరు ఆరాక తెల్లటి గీతగా మిగిలేది అదే. ముదురు ఆకుపచ్చ మీద అది దాచినా దాగదు. నల్లా నీళ్లు కాస్త నయం, కానీ డీకల్ పనికి బ్యాటరీ వాటరే వాడండి. సీసా బ్యాటరీ వాటర్ ఒక మోడల్‌కు సరిపోగా మిగులుతుంది. కొనేటప్పుడు లేబుల్ చూసుకోండి, పక్కనే ఉండే యాసిడ్ సీసా తెచ్చుకోకండి.

4. అతికించే వరుస

ముందు భాగాలన్నీ గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నూనె మిగిలితే రంగు పట్టదు.

☐ గాలి లోపలికి పోయే ఇన్‌టేక్‌ల లోపలి రంగు, చక్రాల గుంతల రంగు మూయకముందే వేయాలి
☐ కాక్‌పిట్ మీద ఎక్కువ సమయం వద్దు; పైనుండే అద్దపు పందిరి చిన్నది, కూర్చున్నాక లోపల కనిపించేది కొంచెమే
☐ రెక్కల పై కింది సగాలను జిగురు లేకుండా టేప్‌తో బిగించి చూడాలి
☐ టేప్‌తోనే మొత్తం నిలబెట్టి తోక మీద కూలుతుందేమో చూడాలి. కూలితే మూసేముందే ముక్కులో సీసం బరువు ఫెవిక్విక్‌తో పెట్టాలి
☐ చక్రాల కాళ్లు, తలుపులు, ముక్కు మీది ఇంధన గొట్టం, బాంబులు అన్నిటికన్నా చివర

సిమెంట్‌ను బ్రష్‌తో అంచుకు తాకిస్తే చాలు, సందులోకి అదే పాకుతుంది. పెద్ద రెక్కను ఒక్కసారే అతికించకండి. నాలుగైదు సెంటీమీటర్లు అతికించి, పట్టాక ముందుకు జరగండి. వెనక అంచు దగ్గర మాత్రం సిమెంట్ తక్కువ. అక్కడ ప్లాస్టిక్ కాగితంలా పల్చగా ఉంటుంది, ఎక్కువైతే అలలు తేలుతాయి.

పందిరి అద్దానికి ఫెవిక్విక్ తగలనివ్వకండి. దాని ఆవిరికి అద్దం తెల్లబడుతుంది. ఫెవికాల్ చాలు, ఆరాక పారదర్శకమవుతుంది.

5. కీళ్లు, ప్రైమర్

వల్కన్ అంటే పెద్ద చదును మైదానం. చిన్న ఫైటర్ మీద దాగిపోయే గీత దీని మీద రోడ్డులా కనిపిస్తుంది.

సిమెంట్ పెట్టిన కీలును ఒక రోజు పూర్తిగా ఆరనివ్వండి. తొందరపడి గీకితే, మెత్తబడిన ప్లాస్టిక్ తర్వాత కుంగి, రంగు వేశాక మళ్లీ గీత తేలుతుంది. సందుంటే ఫెవిక్విక్‌లో టాల్కం పౌడర్ కలిపి నింపండి. దీన్ని గంటలోపే గీకాలి, ఆలస్యమైతే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కన్నా గట్టిపడి, గీకేకొద్దీ పక్కన గుంత పడుతుంది.

400తో మొదలుపెట్టి 800, 1000, తడిపి తడిపి. పేపర్‌ను వేలితో కాకుండా రబ్బరు ముక్కకు చుట్టి రుద్దితే చదును చెడదు. తర్వాత బూడిద ప్రైమర్ పల్చగా. ప్రైమర్ వేశాక టార్చ్ లైటు పక్కనుంచి అడ్డంగా కొట్టి చూడండి. పగలు కనిపించని గీతలన్నీ ఆ వెలుగులో లేస్తాయి.

6. రంగు

మా కథ ప్రకారం కింద తెలుపు, పైన బూడిద, దాని మీద ఆకుపచ్చ. లేత రంగు ముందు, ముదురు తర్వాత.

టామియా కంపెనీ అక్రిలిక్ రంగు అయితే ఐసోప్రొపైల్‌తో ఒకటికి ఒకటి, వేసవిలో ఒకటికి ఒకటిన్నర. గాలి ఒత్తిడి 15 నుంచి 20 పి.ఎస్.ఐ. వల్లెహో రంగుల్లో మాత్రం ఆల్కహాల్ పోయకండి, గడ్డకట్టి ఎయిర్‌బ్రష్ మూసుకుపోతుంది. వాటికి వాళ్ల థిన్నరే వాడాలి.

తెలుపును మూడు నాలుగు పల్చటి పొరలుగా కొట్టండి. ఆకుపచ్చ మచ్చల అంచుకు కిట్ పటాన్ని అసలు సైజులో జిరాక్స్ తీసి, మచ్చలు కత్తిరించి, కింద చిన్న టేప్ చుట్టలు పెట్టి కాస్త ఎత్తుగా అమర్చండి. అంచు కొద్దిగా మెత్తగా వస్తుంది. కత్తితో కోసినట్టున్న అంచు ఈ స్కేలులో బొమ్మలా ఉంటుంది.

మీ కథలో విమానం కొత్తగా మన కోసమే తయారై, 1960ల మొదట్లోనే వచ్చిందంటే వెండి రంగు బాగుంటుంది. అప్పుడు కింద నిగనిగలాడే నలుపు బేస్ వేయాలి, 2000 పేపర్ దాకా రుద్దాలి. ప్రతి గీతా కనిపిస్తుంది. మొదటి మోడల్‌కు వద్దంటాను.

ఇప్పుడు అసలు పని: బ్రిటిష్ గుర్తులు "చెరిపిన" మచ్చలు. రెక్కల మీద, ముక్కు పక్కన, ఫిన్ మీద ఎక్కడెక్కడ బ్రిటిష్ గుర్తులుండేవో కిట్ డీకల్ పటంలో చూడండి. అక్కడ చతురస్రంగా చుట్టూ టేప్‌తో మాస్క్ చేసి, అదే ఆకుపచ్చలో ఒకటి రెండు చుక్కల పసుపు కలిపి, బూడిదలో కొద్దిగా తెలుపు కలిపి పల్చగా కొట్టండి. దగ్గరికొస్తేనే తెలియాలి. దూరం నుంచే కనిపిస్తే ఎక్కువైనట్టు.

7. మూడు రంగుల గుర్తు, ఫిన్ ఫ్లాష్, నంబరు

మొత్తం మోడల్ పరువు ఇక్కడే నిలుస్తుంది లేదా పోతుంది.

కొలత ముందు. అసలు విమానం మీది సైజును అంగుళాల్లో తీసుకుని 25.4తో గుణించి 72తో భాగించండి. 36 అంగుళాల గుండ్రం 12.7 మి.మీ. అవుతుంది. 54 అంగుళాలది 19 మి.మీ. 8 అంగుళాల అక్షరం 2.8 మి.మీ. వల్కన్ రెక్క పెద్దది కదా అని 40 మి.మీ. గుండ్రం పెడితే అది అసలులో తొమ్మిదిన్నర అడుగులు. స్టిక్కర్‌లా కనిపించడానికి మొదటి కారణం ఇదే.

బయట కాషాయం, మధ్యలో తెలుపు, నడిమధ్య ఆకుపచ్చ. వలయాల వెడల్పును కాన్‌బెర్రా ఫొటో నుంచి కొలిచి తీసుకోండి.

మామూలు ప్రింటర్ తెలుపును అచ్చు వేయదు. దాని సిరా పారదర్శకం కూడా. పారదర్శక డీకల్ పేపర్ మీద అచ్చేసి ముదురు ఆకుపచ్చ మీద అంటిస్తే కాషాయం మట్టి రంగవుతుంది, తెలుపు మాయమవుతుంది. తెల్ల డీకల్ పేపర్ వాడితే రంగులు నిలుస్తాయి కానీ అంచు తెల్లగా మిగలకుండా కత్తిరించాలి.

నా ఓటు రంగుతోనే వేయడానికి. ఇలా:

☐ మాస్కింగ్ టేప్‌ను గాజు మీద అంటించి తోలు పంచ్‌తో గుండ్రాలు కొట్టాలి; గట్టి సుత్తి, ఒకే దెబ్బ
☐ రంధ్రం ఉన్న టేప్ రెక్క మీద పెట్టి మొత్తం గుండ్రానికి తెలుపు
☐ ఒక రోజు ఆరాక, తెల్ల వలయం సైజు టేప్ ఉంగరం, నడిమధ్యకు చిన్న బిళ్ల పెట్టి బయటి వలయానికి కాషాయం
☐ ఆరాక చిన్న బిళ్ల తీసి, బయటి వలయాన్ని మూసి, నడిమికి ఆకుపచ్చ
☐ టేప్‌ను పైకి కాకుండా వెనక్కి మడిచి, నెమ్మదిగా లాగాలి

ఈ ఆకుపచ్చ, మచ్చల ఆకుపచ్చ ఒకటే కాకూడదు. గుర్తులోది జెండా ఆకుపచ్చ, వెలుగున్నది.

ఫిన్ ఫ్లాష్ అంటే తోక ఫిన్ మీది మూడు రంగుల నిలువు పట్టీలు. ఎడమ, కుడి రెండు పక్కల ఫొటోలు ముందు పెట్టుకుని వేయండి. ఒక పక్క చూసి రెండో పక్క ఊహిస్తే పట్టీల వరుస తారుమారవుతుంది.

నంబరు: మన కాన్‌బెర్రాల్లో బాంబర్లకు ఐఎఫ్, నిఘా విమానాలకు ఐపీ అనే ఇంగ్లిషు అక్షరాలు ముందుండేవి, తర్వాత అంకెలు. మీ వల్కన్‌కు వేరే జంట అక్షరాలు, మూడు అంకెలు ఎంచుకోండి. ఉన్న విమానం నంబరు పెట్టకండి. ఇవి నలుపు కాబట్టి పారదర్శక డీకల్ పేపర్ చాలు. ఇంక్‌జెట్ అయితే అచ్చయ్యాక రెండు మూడు పల్చటి క్లియర్ పొరలు కొట్టి, రాత్రంతా ఆరనివ్వాలి. లేదంటే నీళ్లలో సిరా కారిపోతుంది.

డీకల్ పెట్టేముందు మోడల్ అంతా మెరిసే (గ్లాసీ) క్లియర్ కోటు తప్పనిసరి. మెరుపు లేని మ్యాట్ రంగు మీద పెడితే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. డీకల్ పొర పాల మీద మీగడలాంటిది, లాగితే చిరుగుతుంది. కాగితం మీదే కదిలేదాకా ఆగి, తడి బ్రష్‌తో జరపండి.

కిట్‌లో వచ్చే చిన్న చిన్న హెచ్చరిక డీకల్స్ ఇంగ్లిషులోనే ఉంటాయి, వాడుకోండి. విమానం బ్రిటన్ నుంచే వచ్చింది కదా. ఏనుగు గుర్తును ఫిన్ మీద చిన్నగా పెట్టండి, బారాత్ ఏనుగంత వద్దు.

8. వాడకం, దుమ్ము

ఆ మెరిసే కోటు ఉండగానే ప్యానెల్ గీతల్లో ముదురు గోధుమ వాష్ (నీళ్లలా పల్చటి రంగు) వేసి, ఆరాక గుడ్డతో గాలి పారే దిశలో తుడవండి. నలుపు వాష్ తెల్లటి అడుగు భాగం మీద మరీ గట్టిగా కొడుతుంది, అక్కడ బూడిద రంగు వాడండి. ఇంజిన్ల వెనక మసి పల్చగా.

తర్వాత మొత్తం సగం మ్యాట్ క్లియర్. బ్రిటిష్ రంగు మెరిసేది. ఐదేళ్ల ఎండ తిన్నాక అంత మెరవదు, పూర్తిగా చావదు కూడా. "చెరిపిన" మచ్చల మీద కొంచెం ఎక్కువ మ్యాట్ కొట్టండి.

దుమ్ము రంగు కథలోంచే రావాలి. ఆగ్రా అయితే లేత గోధుమ. హైదరాబాద్ స్థావరం అయితే మన ఎర్ర చెల్క రంగు. చాక్ పేస్టల్‌ను వాటర్ పేపర్ మీద గీకి, ఆ పొడిని టైర్లకు, చక్రాల గుంతలకు పొడి బ్రష్‌తో పట్టించండి. చేనులోంచి నిజం మట్టి తెచ్చి చల్లకండి. ఈ స్కేలులో ఒక్కో రేణువు గులకరాయంత కనిపిస్తుంది.

ఇప్పుడు కాళ్లు, తలుపులు, గొట్టం, బాంబులు పెట్టి, పందిరి అద్దం మీద రంగు పడకుండా వేసిన టేప్ తీయండి. ప్రదర్శనకు పెడితే పక్కన "ఊహా మోడల్" అని చీటీ పెట్టాలి. లేకపోతే ఫొటో వాట్సాప్‌లో తిరిగి, మనకు నిజంగా వల్కన్లు ఉండేవని నమ్మేవాళ్లు తయారవుతారు.

9. తప్పులు, మందులు

డీకల్ కింద వెండి మెరుపు: సూదితో సన్నటి రంధ్రాలు పొడిచి, మెత్తబరిచే ద్రావకం చుక్క వేసి, తడి దూదితో ఒత్తండి. మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు.

డీకల్ చుట్టూ తెల్ల గీత: బ్యాటరీ వాటర్‌తో తడిపిన ఇయర్‌బడ్‌తో మెల్లగా తుడిచి, వెంటనే అద్దండి. మ్యాట్ కోటు వేశాక గుర్తిస్తే ఇక పోదు, అందుకే ముందే టార్చ్‌తో చూడండి.

రంగు ఇసుకలా గరుగ్గా దిగింది: గాల్లోనే ఎండిపోయింది. 2000 పేపర్‌తో తడిపి రుద్ది, థిన్నర్ పెంచి, దగ్గరగా, తెల్లారి వేళ మళ్లీ కొట్టండి.

టేప్‌తో పాటు రంగు లేచింది: కడగడంలోనో ప్రైమర్‌లోనో లోపం. అంచును 1000తో పల్చబరిచి, ఆ చోట మాత్రం ప్రైమర్ నుంచి మొదలుపెట్టండి. ఇకపై టేప్‌ను అంటించేముందు చేతి చర్మానికి రెండుసార్లు తాకించి జిగురు తగ్గించండి.

క్లియర్ కోటు తెల్లబడింది: ఎండున్న పొడి రోజు దాకా ఆగి, ఎక్కువ థిన్నర్‌తో ఒక తడి పొర కొడితే చాలావరకు తేటపడుతుంది.

రెక్క కొస వంగింది: కిట్ ప్లాస్టిక్‌ను చేత్తో పట్టగలిగేంత వేడి నీళ్లలో కొద్దిసేపు ఉంచి, నెమ్మదిగా సరిచేసి, చల్లటి నీళ్లలో ముంచి పట్టుకోండి. ఇది రంగు వేయకముందు మాత్రమే. రంగు వేశాక వంగితే ఆ విమానాన్ని గోడవైపు తిప్పి పెట్టుకోవడమే.